నీళ్లు ముట్టని మామ

మొన్న మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి మా గడప బయట నిలబడ్డాడు. నా కొడుకు ఈడువాడే. మెడలో కార్డు, చంకలో హెల్మెట్టు, చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. కర్నూలులో ఆ వేళకు కుక్కలు కూడా నీడ వదిలి కదలవు. మావాడు జిరాక్సు షాపులో కొత్త మిషను కోసం తెచ్చిన అప్పుకు ఈ నెల కంతు కట్టడం ఆలస్యమైంది. అది అడగడానికి వచ్చాడు. మావాడు ఇంట్లో లేడు. లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చోమన్నాను. పర్వాలేదమ్మా అన్నాడు. పోనీ మంచినీళ్లయినా తాగమని గ్లాసు తెస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. వసూలుకు పోయిన ఇంట్లో ఏమీ ముట్టగూడదని మా సార్లు చెప్పినారు."

"నీళ్లు గూడానా?"

"నీళ్లు గూడా."

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. పాపం, అదేదో వాళ్ల ఆఫీసులో కొత్తగా కనిపెట్టిన నియమం అనుకుంటున్నాడు. నేను పావడా కట్టుకుని తిరిగే రోజుల్లోనే మా ఊళ్లో ఆ నియమం ఉంది. అతను మెట్లు దిగి వెళ్లాక బాల్కనీ నుంచి చూశాను. బండి డిక్కీలోంచి సీసా తీసి, అడుగున మిగిలిన నీళ్లు ఎండలో నిలబడి తాగాడు. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ సాయంత్రమంతా నాకు మండీ మామే గుర్తొచ్చాడు.

మాది పత్తికొండ దగ్గర మెట్ట ఊరు. ఇల్లు మట్టి మిద్దె. మిద్దె నడుమ వెలుతురు కోసం ఒక కంత వదిలేవాళ్లు, దాన్ని గవాచి అంటాం. వాన వస్తే దాని మీద పాత కుండ బోర్లించాలి. మా కాలంలో ఆ కుండకు పెద్ద పని ఉండేది కాదు. పెద్దవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవడానికి దేవుడు నాకిచ్చిన దారి ఆ గవాచి. ఎండబెట్టిన మిరపకాయలకు కావలి కాస్తానని మిద్దె ఎక్కి, గవాచి పక్కన బోర్లా పడుకుంటే కింద చెంబు పెట్టిన చప్పుడు కూడా వినబడేది. కాకపోతే మిరపకాయల పక్కన పడుకున్నవాళ్లకు తుమ్ము ఆగదు. చాలాసార్లు అట్లాగే దొరికిపోయాను.

మా నాయన అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. ఏ మాట చెప్పినా "ఏంటికి?" అని అడుగుతానని అవ్వ నాకు ఏంటికమ్మ అని పేరు పెట్టింది. "ఏంటికమ్మకు బువ్వ పెట్టు", "ఏంటికమ్మ యాడికి పాయ?" అనేది. నాకు ఆ పేరు మీద కోపం ఉండేది కాదు. తెలియని విషయం ఒకటి ఉందంటే దాని చుట్టూ తిరగకుండా ఉండలేకపోయేదాన్ని, ఈగ బెల్లం చుట్టూ తిరిగినట్టు.

వేరుశెనక్కాయలను మేం బుడ్డలంటాం. మా ఇంట్లో ఏ మూల చూసినా అవే. చేనిలో కంపల మంట వేసి కాల్చిన బుడ్డలు, ఉప్పేసి ఉడకబెట్టిన బుడ్డలు, జొన్నరొట్టెలోకి అమ్మ రోట్లో నూరే ఊరుబిండి, పండగ రోజు బెల్లం పాకంలో బుడ్డలు. ఎన్ని తిన్నా ఎవరూ అడిగేవాళ్లు కారు. ఒక్క విత్తనపు బుడ్డల జోలికి మాత్రం పోకూడదు. అవి పడసాల వెనక చీకటి గదిలో, వేపాకు వేసి కుట్టిన గోతాల్లో ఉండేవి. మొదటి వానకు ముందు వాటిని వాకిట్లో పోసి ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా కూర్చుని ఒలిచేవాళ్లు. ఒలిచేటప్పుడు ఎవరైనా ఒక్క గింజ నోట్లో వేసుకున్నారా, అవ్వకు కళ్లెర్రబడేవి. నేను పావడా చెరుగులో రెండు దాచుకుంటే నోరు తెరిపించి వాసన చూసేది.

"ఏంటికి తినగూడదు? ఇవీ బుడ్డలే గదా?" అని అడిగాను ఒకసారి.

"ఇవి ఏసేవి, తినేవి గాదు. నువ్వు ఒగటి తింటే చేన్లో ఒగ చెట్టు తినినట్లు" అంది అవ్వ.

తరువాత చాలా రోజులు నేను మా చేనిలో అక్కడక్కడా ఖాళీగా కనిపించే చోట్లన్నీ నేను తిన్నవేనేమో అనుకుంటూ తిరిగాను.

మండీ మామ మాకు చుట్టం కాడు. పత్తికొండలో బుడ్డల మండీ ఉండేది ఆయనకు. ఊళ్లో సగం మంది పంట అక్కడికే పోయేది. విత్తనాలప్పుడు ఆయన దగ్గర దుడ్లు తెచ్చుకోవడం, పంట వచ్చాక ఆయన మండీకే వేయడం, ఇదీ పద్ధతి. మా నాయనను బావా అనేవాడు, అవ్వను అత్తా అనేవాడు, నన్ను కోడలా అని ఏడిపించేవాడు. తెల్లపంచె, నల్లగొడుగు, ఒంటి మీద కొత్త గోనెసంచుల వాసన. చెప్పులు విడవక ముందే "అత్తా, మజ్జిగ" అని కేకేసేవాడు. అవ్వ ఉప్పు, అల్లం వేసి పెద్ద చెంబుతో ఇచ్చేది. దాని వెనకే ఉగ్గాని. బొరుగులు నానబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేసి అమ్మ తాళింపు పెడితే వీధి చివరి దాకా వాసన పోయేది. మామ విస్తరి ముందు కూర్చుని తిని, జేబులోంచి బెల్లం బుడ్డల పాకం పొట్లం తీసి నా చేతిలో పెట్టేవాడు.

ఒక యేడు నాయనతో మండీకి పోయినప్పుడు ఆయన పని చేయడం చూశాను. రాశిలోంచి నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల గింజ గలగలమంటే ఎండిందని లెక్క. బొటనవేలితో ఒత్తి పగలగొట్టి, గింజ పొట్టు రుద్ది, సగం కొరికి నమిలి, రుచి తెలియగానే తుపుక్కున ఊసేసేవాడు. తరువాత ధర చెప్పేవాడు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎన్ని రాశులు చూస్తాడో అన్నిసార్లు నమిలి ఊసేవాడు. ఆయన చెప్పుల చుట్టూ నేలంతా నమిలిన గింజలే. ఒక్కటీ మింగడు. "అన్నీ మింగితే నా కడుపే గానుగ అయిపోతాది కోడలా" అన్నాడు నేను అడిగితే.

మా అప్పు బావితో మొదలైంది. నాయన మెట్టచేనిలో బావి తవ్వించాడు. కొంత దిగాక బండ తగిలింది. తూటాలు పెట్టి పేల్చారు. ఇంకా బండే. మళ్లీ పేల్చారు. పేల్చిన ప్రతిసారీ మా ఊరి పిల్లలకు పండగ, నాయనకు మండీలో ఇంకో అప్పు. అవ్వ ఒక్కతే పోయి బావి గట్టున కూర్చుని లోపలికి చూసి వచ్చేది. "మహానందిలో నీళ్లు అడిగేవాడు లేక పారతాండాయి. ఈడ అడిగి అడిగి నోరెండిపాయ" అనేది. మహానంది కోనేట్లో వేసిన నాణెం అడుగున మెరుస్తూ కనబడుతుందని అవ్వ చెప్పగా విన్నాను. మా బావిలో కూడా వేసిన రాయి అడుగున స్పష్టంగానే కనబడేది, నీళ్లు లేవు కాబట్టి.

ఆ యేడు వానలు కూడా మొహం చాటేశాయి. చేను మోకాలెత్తు రాకముందే ఎండింది. పెరికిన చెట్లకు కాయల కంటే మట్టే ఎక్కువ ఉంది. మండీకి వేయడానికి ఏమీ లేదు. మా ఇంట్లో మిగిలినవి, ముందు యేడు మంచి కాయలు ఏరి దాచి, వేయగా మిగిలిన విత్తనపు గోతాలే.

అప్పుడొచ్చాడు మామ. నేను గవాచి దగ్గర ఉన్నాను. "అత్తా, మజ్జిగ" అనే కేక కోసం చెవులు రిక్కించుకుని ఉంటే ఆ కేక రాలేదు. చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. అవ్వ చెంబుతో ఎదురుపోయింది.

"వద్దమ్మా."

అవ్వ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. మామ నాయన వైపు తిరిగి, "ఏమప్పా, ఎట్ల జేస్తావు మరి?" అన్నాడు. బావా అనలేదు. నాయన తల వంచుకుని ఏదో చెప్పాడు. ఇద్దరూ కొంచెంసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. మామ గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. చెంబులో నీళ్లు అవ్వ తులసి మొక్కకు పోసింది.

నాకు తల తిరిగిపోయింది. అంత ఎండలో వచ్చిన మనిషి నీళ్లెందుకు తాగలేదు? మా నీళ్లు పాడయ్యాయా? మజ్జిగ లేదని అలిగాడా? మిద్దె దిగి, వెనక సందులోంచి ఆయన వెంట పోయాను. ఊరి బయట బోరింగు ఉంది. మామ గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ఒక చేత్తో బోరింగు కొట్టి, నీళ్లు పడేలోగా దోసిలి పట్టాలని తంటాలు పడుతున్నాడు. ఒక్కడి వల్ల అయ్యే పనికాదు. నేను పోయి పిడి పట్టుకుని వేలాడాను. నీళ్లు పడ్డాయి. మామ మొహం కడుక్కుని గడగడా తాగాడు. కడుపు నిండా తాగాడు.

"మా ఇంట్లో నీళ్లు చేదయినాయా మామా?" అన్నాను.

ఆయన మొహం తుడుచుకోవడం ఆపి నన్ను చూశాడు. "లేదు పాపా. ఎండన పడి యాడికొచ్చినావు, ఇంటికి పో" అన్నాడు. జేబు తడుముకున్నాడు కానీ పొట్లం తీయలేదు. తేలేదేమో.

ఇంటికొచ్చి అవ్వను పట్టుకున్నాను. అవ్వ రాగులు చెరుగుతోంది. మొదట చెప్పలేదు. నేను వదిలితే కదా.

"ఇంట్లో నీళ్లు తాగినోడు ఆ ఇంటోళ్లను గట్టిగా అడగలేడు పాపా. మజ్జిగ తాగి, మూతి తుడుచుకోని, ఇంట్లో సామాను బయట పెట్టు అనేకి నోరు వస్తాదా? అందుకే గట్టిగా అడగాలని బయల్దేరినోడు నీళ్లు ముట్టడు. ఊళ్లో అందరికీ తెలుసు. ఆయప్ప చెంబు ముట్టలేదంటే ఇంగ ఊరుకోడని."

"మరి నేను బోరింగు కొట్టిస్తే తాగినాడు. అది లెక్కకు రాదా?"

అవ్వ చేట ఆపి నా మొహం చూసి పకపకా నవ్వింది. అప్పటికి ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

"బోరింగు సర్కారుది. సర్కారు ఆయప్పకు యేం బాకీ లేదులే" అంది.

అంతటితో నేను ఊరుకోలేదు. ఆయన చేత ఏదో ఒకటి తాగించాలి, లేదా తినిపించాలి. ఇంకోసారి వచ్చినప్పుడు అమ్మకు తెలియకుండా ఉగ్గాని వేడివేడిగా తెచ్చి గాలివాటం చూసి ఆయన పక్కన అరుగు మీద పెట్టాను. ముక్కుపుటాలు కదిలాయి కానీ చెయ్యి కదలలేదు. మా తమ్ముడు వచ్చి దాన్ని ఖాళీ చేశాడు. ఇంకోసారి, నా చేతికి ముల్లు గుచ్చుకుంది, నోటితో లాగు మామా అన్నాను. అట్లా చేస్తే మా ఇంటి రక్తమైనా నోట్లో పడుతుందని నా ఆలోచన. ఆయన గొడుగు పుల్లతో తీసి పంపాడు. ముల్లు అయితే నిజంగానే గుచ్చుకున్నాను.

ఇదంతా నాకు ఆటగానే ఉండేది, ఆ మాట గవాచిలోంచి వినే దాకా. అమ్మ అంటోంది, "విత్తనాలు గూడా పోతే ఈడ ఉండి యేం జేస్తాం? సుగ్గికి పోదాం." సుగ్గికి పోవడమంటే పిల్లాజెల్లాతో మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. మా వీధిలో కొన్ని ఇళ్లవాళ్లు అప్పటికే పోయారు. పోయేవాళ్లు తలుపుకు తాళం వేసి, ముందు కంప అడ్డం పెట్టి పోయేవాళ్లు. ఆ ఇళ్ల ముందు సాయంత్రం దీపం ఉండదు, ముగ్గు ఉండదు. వాళ్ల పిల్లల పేర్లు బడిలో పిలిస్తే ఎవరూ పలకరు. మా తలుపు ముందు కూడా కంప పెడతారా? అవ్వను ఏం చేస్తారు? అవ్వ అంత దూరం నడవలేదు. నాకు మొదటిసారి భయం వేసింది. ఏంటికి అని అడగబుద్ధి కాలేదు.

ఒకనాటి పొద్దున్నే బండి వచ్చింది. బండి మీద ఇద్దరు హమాలీలు, వెనక గొడుగుతో మామ. నేను మిద్దె ఎక్కలేదు. ఆ రోజు గవాచితో పని లేదు, అంతా వాకిట్లోనే. వీధిలో వాళ్లు కూడా తమ తమ అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. అవ్వ ఎప్పటి మాదిరిగానే చెంబు తెచ్చింది. "వద్దమ్మా" అన్నాడు ఎప్పటి మాదిరిగానే.

"అవి విత్తనానికి పెట్టుకున్నవి" అన్నాడు నాయన.

"తెలుసప్పా. నాకు మాత్రం ఇష్టమా? ఇంగేమన్నా ఉంటే చూపీ, వాటిని ముట్టను."

నాయన దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఎద్దులను అంతకుముందే అమ్మేశాడు. ఖాళీ కొట్టం వైపు ఒకసారి చూసి, "తీస్కపోండి" అని పక్కకు జరిగాడు. హమాలీలు తువ్వాళ్లు తలకు చుట్టుకున్నారు.

"ఆగండప్పా" అంది అవ్వ. లోపలికి పోయింది. ఆమె వెనకే అమ్మ, అమ్మ వెనక నేను. చీకటి గదిలో వేపాకు వాసన. అవ్వ ఒక గోతం మూతి కుట్టు విప్పి చేటలో కాయలు పోస్తోంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అత్తా, అవి విత్తనాలు."

"ఇంటికొచ్చిన మనిషికి పెట్టనీకి ఇంగేముండాదో నువ్వు చూపీ."

అమ్మ చెయ్యి వదిలింది. అవ్వ చేట తెచ్చి అరుగు మీద మామ ముందు పెట్టింది. జీవితంలో ఒక్క గింజ కూడా ఎవరినీ నోట్లో వేసుకోనివ్వని అవ్వ.

"తినప్పా."

"విత్తనాలు తినమంటావేంది?" మామ నిజంగానే బిత్తరపోయాడు.

"నీళ్లిస్తే తాగవు. ఇంట్లో ఉండేవి ఇవే. నువ్వు ఎత్తుకోని పోయినా గానుగకే గదా పోయేది. గానుగ తింటే ఏమి, నువ్వు తింటే ఏమి?"

అవ్వ ఇంకో మాట అంది. "పోనీ, తినొద్దు. సరుకన్నా చూడు. ఇన్నేండ్ల యాపారంలో చూడకుండా ఎప్పుడన్నా ఎత్తుకున్నావా?"

ఆ మాటతో ఆయన చెయ్యి దానంతట అదే చేటలోకి పోయింది. నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగలమన్నాయి. ఆయన కళ్లు మారిపోయాయి. అప్పు సంగతి మరిచిపోయి మండీలో కూర్చున్న మనిషిలా అయిపోయాడు. బొటనవేలితో ఒత్తాడు. పొట్టు రుద్దాడు. గింజను సగం కొరికాడు. మిగిలిన సగం అరచేతిలోనే ఉంది. నమిలాడు.

నేను ఆయన దవడనే చూస్తున్నాను. ఇప్పుడు ఊస్తాడు. మండీలో ఎప్పుడూ ఊసేవాడు. ఊస్తే అది సరుకు చూసినట్టు, తిన్నట్టు కాదు. దవడ కదలడం ఆగింది. ఆయన పక్కకు తిరిగి ఊయడానికి చోటు చూశాడు. అక్కడ అమ్మ పొద్దున వేసిన ముగ్గు ఉంది. ఇటు తిరిగితే అవ్వ నిలబడి ఉంది, మళ్లీ చేతిలోకి తీసుకున్న చెంబుతో. అందరూ చూస్తున్నారు. ఆయన కొంచెంసేపు బుగ్గన పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తరువాత గొంతు కదిలింది.

మింగాడు.

మామ అరుగు మీద కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు.

"నీళ్లియ్యి అత్తా" అన్నాడు.

అవ్వ చెంబు ఇచ్చింది. ఆయన తల ఎత్తి తాగుతుంటే నీళ్లు మెడ మీదుగా చొక్కాలోకి కారాయి. తాగాక నన్ను దగ్గరికి పిలిచి, అరచేతిలో మిగిలిన సగం గింజ నా చేతిలో పెట్టాడు. "ఇంద కోడలా" అన్నాడు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ తల ఊపింది. విత్తనపు బుడ్డ బహిరంగంగా తినడం అదే మొదలు. మామూలు బుడ్డ రుచే. ఏదో గొప్పగా ఉంటుందనుకున్నాను.

హమాలీలు తువ్వాళ్లు విప్పుకున్నారు. బండి తిరిగింది. పోతూ పోతూ మామ నాయనతో, "బావా, పండినేది నా మండీకే రావల్ల. ఇంగో మండీకి పోయిందని ఇంటే బాగుండదు" అన్నాడు. నాయన తల ఊపాడు. అమ్మ లోపలికి పోయి ఏడ్చింది. నాకు తెలిసి అమ్మ అట్లా శబ్దం చేసి ఏడవడం అదొక్కసారే.

చేటలో మిగిలిన కాయలను అవ్వ మళ్లీ గోతంలో పోసి కుట్టింది. నేను దారం అందిస్తూ అడిగాను. "ఆయప్ప ఊసేసింటే యేం జేస్తాంటివి అవ్వా?"

"ఇంగోటి చూడమంటాంటి" అంది అవ్వ, దబ్బనం నోట్లోంచి తీసి.

మరుసటి యేడు వాన ఆలస్యంగానైనా వచ్చింది. గవాచి మీద కుండ బోర్లించాం. ఎవరివో ఎద్దులను బదులు తెచ్చి నాయన విత్తనం వేశాడు. పంట గొప్పగా కాదు కానీ పండింది. మండీకి తోలేటప్పుడు నేనూ వస్తానని ఏడ్చి బండెక్కాను. మండీలో ఒక పక్క టమాటా గంపల పులుపు వాసన, ఒక పక్క బుడ్డల దుమ్ము. మామ కొత్తగా ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ప్యాంటు, బూట్లు వేసుకున్న మనిషి. నూనె మిల్లు నుంచి వచ్చాడని హమాలీలు అనుకుంటుంటే విన్నాను. మామ ఆయన కోసం గోలీసోడా తెప్పించాడు. ఆ మనిషి చేయి ఇట్లా అడ్డం పెట్టాడు. సోడా బల్ల మీద బుసబుసమని, నురగ తగ్గి, ఊరుకుంది. ఆయన ముట్టలేదు.

నేను నాయన పంచె లాగాను. "నాయనా, ఆయప్ప సోడా తాగలే."

నాయన సోడాను చూశాడు, ఆ మనిషిని చూశాడు, మామను చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత కాటా దగ్గరికి పోయాడు. తూకంలో తరుగు ఎక్కువ తీస్తున్నారని ప్రతి యేడూ మండీ ఎగిరిపోయేలా వాదించే మనిషి ఆ రోజు పెదవి విప్పలేదు. ఎంత తీస్తే అంత తీయనిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో అన్నాడు, "ఆయప్పకూ పైన ఎవురో ఉండారు పాపా." ఆ పైవాళ్లకు పైన ఎవరున్నారని అడిగాను. నాయనకు తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నేళ్లకు మండీ మూతపడింది. మామ కుటుంబంతో బద్వేలు పోయి తమ్ముని అంగట్లో కూర్చుంటున్నాడని విన్నాం. మా బాకీ అప్పటికీ పూర్తిగా తీరలేదు. ఒకరోజు ఆయన బస్సు దిగి మా వీధిలో నడిచి వస్తుంటే నాయన దూరం నుంచే చూసి లోపలికి పోయి, పెట్టె తెరిచి ఉన్నవన్నీ పోగు చేస్తున్నాడు. అవ్వకు అప్పటికి చూపు మందగించింది. అరుగు మీద కూర్చుని ఉంది. మామ తల నెరిసిపోయింది. గొడుగు లేదు, చేతిలో గుడ్డసంచి. చెప్పులు విడవక ముందే కేకేశాడు.

"అత్తా, నీళ్లు."

అవ్వ గొంతు గుర్తుపట్టింది. "ఏంటికమ్మా, పరుగెత్తు, చెంబు తీస్కరా" అంది. తెచ్చాను. ఒక చెంబు తాగాడు. ఇంకోటి అడిగాడు. తాగాడు. నాయన గుడ్డలో కట్టిన దుడ్లు తెచ్చి ఆయన ఒడిలో పెట్టబోయాడు.

"బావా, ఇవి పట్టు. మిగిలినవి వచ్చే..."

"నీళ్లు తాగినా గదా బావా" అన్నాడు మామ. "తాగినాంక ఆ మాట ఎత్తుతారా ఎవురన్నా?"

నాయన ఆ గుడ్డమూట చేతిలో పెట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడు. అవ్వ మాత్రం ఏమీ కానట్టే, "ఉగ్గాని చెయ్యమని మీ అమ్మతో చెప్పు. మిరపకాయలు రొంత ఎక్కువ ఎయ్యమను" అంది. ఆ రోజు మామ విస్తరి ముందు కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. సంచిలోంచి బుడ్డల పాకం పొట్లం తీసి నాకిచ్చాడు. అప్పటికి నేను ఓణీ వేసుకుంటున్నాను. అయినా అక్కడే నిలబడి తినేశాను.

తరువాత ప్రతి పంటకూ నాయన ఒక గోతం బుడ్డలు బద్వేలు బస్సు మీద వేసి పంపేవాడు. ఎందుకు పంపుతున్నాడో ఆయన చెప్పలేదు, మామ అడగలేదు. అవ్వ పోయాక కూడా పంపాడు. ఆ రోజు మామ ఎందుకు మింగాడో నాకు ఇప్పటికీ తేలలేదు. గింజ బాగుండి మింగాడో, ముగ్గు మీద ఊయలేక మింగాడో, ఊళ్లోవాళ్ల మొహం చూసి మింగాడో, లేక ఎవరైనా ఏదో ఒక వంక ఇస్తే బాగుండునని బండి ఎక్కినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాడో. అడగాల్సిన మనిషిని నేను అడగలేదు. ఏంటికమ్మ అని పేరు పెట్టించుకుని ఏం లాభం.

మొన్న సాయంత్రం మావాడు షాపు మూసి వచ్చాడు. "అప్పు వాళ్లు ఎవరన్నా వచ్చినారా అమ్మా?" అన్నాడు షర్టు గుండీలు విప్పుకుంటూ.

"వచ్చినాడు. నీళ్లు తాగలే" అన్నాను.

"తాగకుంటే ఏమి? దప్పిక లేదేమో" అని టీవీ పెట్టుకున్నాడు.

వాడి తప్పు లేదు. వాడు పుట్టేసరికి మేం ఊరు వదిలి వచ్చేశాం. నీళ్లు తాగలేదు అన్న మాటకు గుండె ఝల్లుమనే మనిషి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలానని అప్పుడు తెలిసింది. ఒంటరిగా అనిపించింది, ఏం దాచుకోవాలి.

ఇంకోసారి ఆ హెల్మెట్టు మనిషి వస్తే ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడుగుదామనుకుంటున్నాను. అతని ఇంటికి ఎవరైనా వస్తారా, వస్తే నీళ్లు తాగుతారా లేదా అని కూడా అడగాలని ఉంది కానీ బాగుండదు. ఒక్క మాట మాత్రం చెప్తాను. మా బాకీ అంతా తీరిపోయాక ఒకరోజు ఇటు రా నాయనా, ఏమీ అడగాల్సిన పని లేకుండా, ఊరికే నీళ్లు తాగిపోవడానికి అని.